గట్టు మీద సైంటిస్టు

పొలంలో అక్క రైతులకు మట్టి పాఠం చెబుతోంది. సైంటిస్టు అయిన చెల్లెలు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, గట్టు దిగకుండానే వెక్కిరించింది.

"చేప పిండంలో గుండె మొదటిసారి కొట్టుకోవడం కళ్లారా చూసినదాన్ని నేను. నువ్వింకా వానపాముల్ని చూపించి చప్పట్లు కొట్టించుకుంటున్నావా? ఇదీ ఒక సైన్సేనా?"

రైతులు తలలు దించుకున్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు.

"అసలు వీళ్ల బుర్రకేమైనా ఎక్కుతుందా?" అని ఇంకా రెచ్చిపోయింది.

పాఠం ముగిసి అందరూ వెళ్లాక చెల్లెలి గొంతు సన్నబడింది. "అక్కా, మీ దగ్గర ఉద్యోగమేమైనా ఉందా?"

అక్క చేతిలోని మట్టిగడ్డ పక్కన పెట్టింది.

"మీ ల్యాబు మూసేశారని నిన్ననే తెలిసింది. రేపటి నుంచి పాఠం నువ్వే చెబుతావని రైతులతో అన్నాను. చెల్లి మనసు బాగాలేక వస్తోంది, తనేమన్నా పట్టించుకోవద్దని కూడా చెప్పాను."