నాలుగు గీతల పుస్తకం

“మా కెన్నెత్‌ను మళ్లీ యూకేజీలో కూచోబెట్టేంత మొనగాళ్లు ఈడ ఎవురుండారో సూద్దామని వచ్చినా.”

సరోజమ్మ క్లాసు గడప దాటకముందే మొదలుపెట్టింది. ఆటల పీరియడ్ కావడంతో లోపల పిల్లలు లేరు. ఆమె చేతిలో బడివాళ్లు పంపిన ఉత్తరం ఉంది. మనవడు ఒకటో తరగతి పాఠాలు అందుకోలేకపోతున్నాడట. దసరా సెలవులయ్యాక యూకేజీకి మారుస్తారట.

కెన్నెత్ అమ్మానాన్నలకు దోణిమలై ఇనుప గనుల్లో ఉద్యోగాలు. పిల్లవాడికి చదువు బాగా రావాలని ఈ ఊళ్లో, బ్రూస్‌పేటలో ఉండే అవ్వ దగ్గర వదిలారు. వదలరా మరి? పాత మిషన్ బడిలో ముప్పైమూడేళ్లు ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించిన మనిషి. ఆమె దగ్గర దిద్దుకున్నవాళ్లు ఇవాళ ఆఫీసుల్లో ఫైళ్ల మీద సంతకాలు చేస్తున్నారు. అలాంటామె మనవణ్ణి మొద్దని తేల్చింది ఎవరయ్యా అంటే, ఈ తనూజ టీచరు.

సరోజమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. కాలవ కింద వరి పండించడానికి వలసొచ్చినవాళ్ల ఆంధ్రా క్యాంపు పిల్ల. ఇరవైనాలుగు నిండాయో లేదో. మెడలో కార్డొకటి. బోర్డు మీద ఈ పిల్ల వేసిన తేదీయే పక్కకు ఒరిగిపోయి ఉంది. ఈ రాతతో ఊళ్లో పిల్లలకు రాత నేర్పుతుంది! పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఊరికే అన్నారా.

“కూర్చోండి మేడమ్,” అంది తనూజ.

“కూచునేదానికి రాలేదమ్మా. వానికి రాదు, రాదు అంటాండారే, నువ్వు నేర్పిచ్చిందేంది?”

“మూడు నెలలుగా ముందు బెంచీలో కూర్చోబెడుతున్నానండి. పెన్సిల్ పట్టుకుంటాడు, ఒక గీత గీసి ఆగిపోతాడు. ఏమైందంటే మాట్లాడడు. కళ్లనీళ్లు పెట్టుకుంటాడు.”

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేర్పడం చేతగాక నేరం ఆరేళ్ల పిల్లవాడి మీద! సరోజమ్మకు నవ్వొచ్చింది. మంచి నవ్వేం కాదు.

“నా దగ్గర ఏడవడే? దినామూ సాయంత్రం గంటసేపు నా పక్కన కూచుంటాడు. కదలడు, మెదలడు. మిషన్ దొరసాని మాకెట్ల నేర్పిచ్చిందో నేనూ అట్లనే నేర్పిస్తాండా. మీ మాదిరి రైమ్స్ పాడుకుంటా సుమ్నే, ఊరికే పొద్దు గడిపేది కాదు.”

“అయితే ఇంట్లో బాగా రాస్తాడాండీ?”

ఆ ప్రశ్న సరోజమ్మకు రుచించలేదు. అడిగేది తనైతే బాగుంటుంది గానీ, తనను అడగడమేమిటి?

“వస్తాది. తొందరేముండాది? మీ క్యాంపులో నాటేసిన పొద్దే కోత కోస్తారా?”

తనూజ కుర్చీని ఆమె వైపు జరిపింది. “ఇంకో మాటండి. వాడి జేబులో రోజూ ఇస్త్రీ రుమాలు ఉంటుంది. ముక్కు కారినా అది తీయడు. చొక్కాకే తుడుచుకుంటాడు.”

“పెద్దోళ్లు పెట్టింది పాడు చెయ్యకూడదని వానికి తెలుసు. దాన్ని పెంపకమంటారు. నీకు కొత్తేమో.”

ముక్కు తుడవడం దాకా వచ్చింది పంచాయితీ. ఇక పాఠాలేం చెబుతుంది ఈవిడ!

తనూజ అలమారలోంచి నాలుగు గీతల పుస్తకాలు రెండు తీసి బల్ల మీద పరిచింది. మొదటిదాంట్లో అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. కొన్ని బోర్లాపడ్డాయి, కొన్ని గీత దాటి పారిపోయాయి. అవి ఎవరివో సరోజమ్మకు వేరే చెప్పక్కర్లేదు.

రెండోది చూడగానే కళ్లజోడు సవరించుకుంది. వద్దనుకున్న కుర్చీలోనే కూర్చుంది. చీమల బారులా, ఒక్క అక్షరమూ గీత జారలేదు. ఇంత చక్కని రాత తన సర్వీసులోనే ఏ నలుగురి చేతిలోనో చూసి ఉంటుంది. మనసులో అసూయలాంటిది కలుక్కుమంది.

“సూడు! రాతంటే ఇది. ఈ బిడ్డను ఎవురో కూచోబెట్టుకోని నేర్పినారు. ఎవురి బిడ్డ? ఇదే మావానికి ఎందుకు నేర్పలేదు నువ్వు?”

“ఇదీ కెన్నెత్ రాసిందేనండి.”

సరోజమ్మ తలెత్తింది.

“నిన్న డ్రాయింగ్ పీరియడ్‌లో, ఎవరూ చూడట్లేదనుకుని రాసుకున్నాడు. నేను దగ్గరికి రాగానే పుస్తకం మూసేశాడు. ఆ ఉత్తరం పంపింది హెడ్‌మాస్టర్ గురురాజ్ సార్ అండి, నేను కాదు. వాణ్ణి వెనక్కి పంపొద్దని వారం రోజులుగా బతిమాలుతున్నాను. మన ముందు ఒక్క వరస ఇలా రాశాడంటే చాలు, సార్‌కు చూపించి ఆపిస్తాను.”

ఎంత కథ అల్లింది! చేతగాని టీచర్లకు మాటలకేం కరువు? వాడి రాత తనకు తెలీదా? రోజూ గంటసేపు పక్కన కూర్చుని చూస్తున్నది తనా, ఈవిడా?

“పచ్చి అబద్ధం. పిలువు వాణ్ణి. నా కండ్ల ముందర రాయమను. ఇట్ల రాసినాడంటే నీకు దండం పెట్టి పోతా. రాయలేదో, మీ గురురాజ్ సార్ ముందరే నీ సంగతి తేలుస్తా.”

తనూజ కిటికీలోంచి కేకేసింది. కెన్నెత్ నవ్వుకుంటూ, మోకాళ్లకు ఎర్రమట్టితో పరుగెత్తుకొచ్చాడు. గడప దగ్గర అవ్వను చూసి ఆగాడు.

“రా నాన్నా, భయం లేదు,” అంటూ తనూజ ఖాళీ పేజీ తెరిచి, పెన్సిల్ పక్కన పెట్టింది. “నిన్న రాశావు కదా. అచ్చం అలాగే రాసి అవ్వకు చూపించు.”

కెన్నెత్ పెన్సిల్ వైపు చూశాడు, అవ్వ వైపు చూశాడు, జేబులోంచి ఆ ఇస్త్రీ రుమాలు తీసి ఆమె ఒళ్లో పెట్టి, రోజూ సాయంత్రంలాగే కుర్చీకి కట్టేయమని తన ఎడమచేతిని ముందుకు చాపాడు.