అడ్డుప్రశ్నల అంకుశం

అంకుశం మళ్లీ లేచి నిలబడ్డాడు. వెనక వరుసలో కూర్చున్న పోచవ్వకు ఒళ్లు మండింది.

తొంభై తొమ్మిదిలో మాట. మరాఠీ గడ్డకు వలసపోయిన తెలుగు నేతపనివాళ్లుండే కామత్‌ఘర్‌లో వారానికోసారి మగ్గాలు బందుండే రోజది. సంఘం హాల్లో డాక్టర్ దత్తాత్రి మైకు పట్టుకుని మూర్ఛ గురించి చెబుతున్నాడు. ఆయన ఠాణా పట్నంలో మెదడు, నరాల డాక్టరు. పుట్టింది కరీంనగర్ వైపే కాబట్టి తెలుగులోనే చెబుతాడు. మెదడులో సన్నని కరెంటు ఎప్పుడూ పారుతూ ఉంటుందనీ, అది అదుపు తప్పితే మనిషి పడి కొట్టుకుంటాడనీ, ఇందులో దయ్యమూ లేదు, పాపమూ లేదనీ జనానికి ఇప్పుడిప్పుడే ఎక్కుతోంది. సరిగ్గా అప్పుడే లేచాడీ మనిషి.

"గదంత ఏమో గానీ డాక్టర్ సాబ్, మా దిక్కు చెప్పు వాసన చూపిస్తే రెండు నిమిషాలల్ల లేచి కూసుంటరు. మరి మీ గోలీలెందుకు?"

హాలంతా నవ్వింది. పోచవ్వ నవ్వలేదు. ఆ పొద్దున్నే ఆమె తన బిడ్డ ముక్కు దగ్గర చెప్పు పెట్టి వచ్చింది.

డాక్టరు కోపం తెచ్చుకోలేదు. "చెప్పు చూపకపోయినా లేస్తరు. మూర్ఛ దానంతటదే ఆగుతది. పేరు మాత్రం చెప్పుకు వస్తది" అన్నాడు. తర్వాత ఒక మనిషిని పిలిచి చాప మీద పడుకోబెట్టి చూపించాడు. పక్కకు తిప్పాలి, బట్టలు వదులు చేయాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు, చేతిలో తాళంచెవులు కుక్కకూడదు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి.

పోచవ్వ కండెలు చుట్టే పనికి పోతుంది. భర్త రాములు మగ్గం నడుపుతాడు. వాళ్ల బిడ్డ శోభ ఆరో తరగతిలో ఉండగా మరాఠీ బడిలో అందరి ముందూ పడిపోయింది. అంతటితో బడి మానిపించారు. గల్లీలో అడిగినవాళ్లకు కడుపునొప్పి అని చెప్పారు. పనికి పోయేటప్పుడు పోచవ్వ బయట గొళ్లెం పెట్టి పోయేది. లోపలున్న పిల్ల ఒక్క మాటా అనేది కాదు. తల్లికి అదే ఎక్కువ బాధ.

అంతకుముందు ధామన్కర్ నాకా దగ్గర జరిగిన సభకు కూడా ఆమె ముసుగేసుకుని వెళ్లింది. డాక్టరును అడగాలనుకున్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అడిగితే రోగం ఎవరింట్లో ఉందో తెలిసిపోతుంది. అక్కడా ఈ అంకుశమే అడ్డం తగిలాడు. మగ్గాలు రిపేరు చేసే మనిషి, గల్లీ గల్లీ తిరుగుతాడు. ఏ సభ పెట్టినా అతనికి ముందే తెలుస్తుంది. అతని బావమరిది తాయెత్తులు కడతాడనీ, డాక్టరు వల్ల గిరాకీ పోతోందనీ, ఆ కడుపుమంటతోనే ఇదంతా చేస్తున్నాడనీ పక్కింటి వెంకవ్వ చెవిలో చెప్పింది. పోచవ్వ నమ్మింది.

ఈసారి అంకుశం గొంతు ఇంకా పెరిగింది. రోగమే అయితే అంటుకుంటుంది కదా, అలాంటి పిల్లల్ని బడిలో మిగతా పిల్లల పక్కన ఎలా కూర్చోబెడతారని అడిగాడు. అంటుకోదని డాక్టరు చెబుతుండగానే ఇంకో మాట అనేశాడు.

"గసొంటి పిల్లలను ఇంట్ల వెట్టి గొళ్లెం వెట్టుడే మంచిది."

పోచవ్వ ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు. ముసుగు జారిపోయింది.

"నేను పెట్టిన గొళ్లెం. ఏం మంచిగైంది? నా బిడ్డ మాట్లాడుడే మరిచింది."

అంకుశం తల దించుకుని కూర్చున్నాడు. డాక్టరు మైకు పక్కన పెట్టి ఆమె దగ్గరికి నడిచి వచ్చి బిడ్డ పేరేమిటని అడిగాడు. ఆమె చెప్పింది. అప్పుడు ముందు వరుసలోంచి కనుకయ్య అనే ముసలాయన లేచి తన కొడుక్కూ ఉందన్నాడు. ఆ వెనకే వెంకవ్వ, ఇన్నేళ్లూ పక్కింట్లో ఉండి ఎన్నడూ చెప్పని మాట, తన చెల్లెలికీ ఉందని కళ్లు తుడుచుకుంటూ చెప్పింది.

రాములు మొదట గొణిగాడు గానీ తనే బిడ్డ చేయి పట్టుకుని ఠాణా బస్సు ఎక్కించాడు. పరీక్షలు చేసి గోలీలు రాశారు. ఒక్క పూట కూడా తప్పొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మొదట్లో పిల్ల మత్తుగా ఉండేది. ఒకసారి మళ్లీ పడింది కూడా. మోతాదు మార్చారు. వానలు వెనకబట్టి చలి మొదలయ్యేసరికి మూర్ఛ రావడం ఆగింది. జూన్‌లో బడి తెరిచాక శోభ తనకన్నా చిన్నపిల్లలతో కలిసి తరగతిలో కూర్చుంది. మొదటి రోజే ఉరుకుతూ ఇంటికి వచ్చింది.

"అవ్వా, మా టీచర్ బాయి నన్ను ముందటి బెంచీల కూసోబెట్టింది."

పోచవ్వ పిల్ల జడ విప్పి మళ్లీ అల్లింది.

ఆ దసరా ముందు డాక్టరు మళ్లీ కామత్‌ఘర్ వచ్చాడు. ఈసారి మాట పక్షవాతం మీద. మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి రమ్మంటుంటే అంకుశం లేచి, పావురం నెత్తురు రాస్తే సరిపోదా అని అడిగాడు. జనం నవ్వారు. డాక్టరు ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. పోచవ్వ ముసుగు లేకుండా, పక్కన శోభను పెట్టుకుని ముందు వరుసలోనే కూర్చుంది. ఈ మనిషికి బుద్ధి రాదా అనుకుంది.

సభ అయ్యాక డాక్టరుకు దండం పెట్టించాలని బిడ్డను తీసుకుని వెనక గదికి వెళ్లింది. దారిలో అంకుశం కనబడితే ఆనాటి గొళ్లెం మాటకు నాలుగు దులిపేయాలని కూడా ఉంది.

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల అంకుశం, డాక్టరు ఎదురెదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నారు. అంకుశం కప్పు కింద పెట్టాడు.

"వచ్చేవారం పూర్ణ ఊరి సభల నేనేం అడగాలె సార్?"