చచ్చిన కన్ను

“భయపడకు. ఇది చచ్చిన కన్ను,” అన్నాడు డాక్టర్ సంజీవయ్య, బల్లమీది మనిషికి అర్థం కాకుండా ఇంగ్లీషులో. “చేయి అలవాటు కావాలనే నీకిచ్చాను. పాడైనా కొత్తగా పోయేదేమీ లేదు.”

జకరయ్య భూతద్దాల జోడు బిగించుకున్నాడు. నంద్యాలలో ఆర్నెల్లపాటు మేకకళ్ల మీద కత్తి పట్టాడు. మనిషి కన్ను ఇదే మొదలు. ఆళ్లగడ్డ ఉచిత కంటి శిబిరానికి వచ్చినవాళ్లను పరీక్షించి, ఎంచి లోపలికి పంపేది సంజీవయ్యే. ఈమె పేరు మదార్‌బీ అని, గాజులమ్ముతుందని నర్సు లూదియా చెప్పింది. ముఖం నిండా తెల్లగుడ్డ. ఎడమకన్ను ఒక్కటే బయటికి కనిపిస్తోంది.

“నొప్పిగా ఉందా అమ్మా?”

“లేదులే నాయనా. నీ పని నువ్వు కానీ.”

కత్తి వెంట్రుకవాసి ఎక్కువ దిగింది. తెల్లసొనలాంటిది బయటికి జారింది. జకరయ్య కత్తి పైకెత్తేశాడు.

“కుట్టెయ్,” అన్నాడు సంజీవయ్య, ఏమీ జరగనట్టు.

ఆ సాయంత్రం జకరయ్య అన్నం ముట్టలేదు.

“ఏందప్పా ఇది? చచ్చినదాన్ని మళ్లా ఎట్ల చంపుతావ్? తిను,” అన్నాడు సంజీవయ్య, వీపు తట్టి.

జకరయ్యకు ఊపిరాడింది. కట్లు విప్పకముందే నంద్యాల బస్సెక్కాడు.

ఆ ఏడాది సంజీవయ్య అలాంటి కళ్లే మరికొన్ని ఇచ్చాడు. చేయి కుదిరింది. బనగానపల్లె మామిడితోటల ఆసామి భార్య కమలాక్షమ్మకు చూపొచ్చినప్పుడు ఆమె జకరయ్య చేతులను కళ్లకద్దుకుంది.

“ఇది మా సారు పెట్టిన భిక్షమ్మా,” అన్నాడతను. ఎవరికీ కీడు జరక్కుండా పని నేర్పిన గురువుకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

మరుసటేడు ఆళ్లగడ్డ శిబిరానికి జకరయ్య ఒక్కడే వెళ్లాడు. వరండాలో ముసుగేసుకున్న ఒకామె కూతురి భుజం పట్టుకుని నిలబడి ఉంది.

“మదార్‌బీని నాయనా. పోయినేడు ఈడే కోసినారు. ఇంగోసారి చూడు, ఏమన్నా అయితాదేమో.”

అతను ముసుగు కొంచెం తప్పించి ఎడమకన్ను చూశాడు. గుంటపడి ఉంది.

“ఏమీ కాదమ్మా,” అన్నాడు మెల్లగా. “మేం కోసేనాటికే దాంట్లో చూపు లేకుండె.”

మదార్‌బీ ముసుగు పూర్తిగా తీసేసింది. చిన్ననాడే మశూచి తినేసిన కుడికన్ను, తెల్లటి మచ్చ.

“ఆ పొద్దు నేను నడిచొచ్చింది మీరు కోసిన కంటితోనే గదా, నాయనా.”