రంగునీళ్లు

కిడ్నీ జబ్బున్న అమ్మ పొద్దున్న బీపీ బిళ్ల మింగి, మధ్యాహ్నానికి శవమైంది. కొబ్బరికత్తి తీసుకుని తిన్నగా అసిరయ్య మావ కొట్టు మీద పడ్డాను. కూల్‌డ్రింకు సీసాలన్నీ నరికేశాను. గాజుపెంకు ఎగిరి మావ నుదురు చీల్చింది.

"కిడ్నీలు తినేది నీ రంగునీళ్లే! ఆస్పత్రోళ్లు పంచిన కరపత్రంలో ఉంది!" కత్తి అతని మెడ మీద పెట్టాను.

మావ నెత్తురు తుడుచుకోలేదు.

"మీయమ్మ నా సీసా ముట్టి ఏడాదైనాదిరా. కిడ్నీ పోయినోళ్లు ఆ బిళ్ల మీద కొబ్బరినీళ్లు తాగితే గుండె ఆగిపోద్దని డాక్టరు నా ముందే సెప్పినాడు. నీకు సెప్దామంటే వొద్దంది."

"ఏటి? ఎందుకు?"

"పిల్లడు రోజూ సెట్టెక్కి తెస్తన్నాడు, ఎలా వొద్దంటానన్నయ్యా, అంది."

అతని మెడ మీది కత్తికి పొద్దుటి బొండాం పీచు ఇంకా అంటుకునే ఉంది.