జెల్ల కొవ్వు

మూత తీసేసరికి జెల్ల కొవ్వు కుండ మళ్ళీ ఖాళీగా ఉంది, ఎవరో నాకి పెట్టినంత శుభ్రంగా.

దిబోర్ అడుగంతా వేలితో తడిమి చూసింది.

సముద్రం అడుగున బురదలో తిరిగే జెల్లకు పొట్టనిండా పచ్చటి కొవ్వు పడుతుంది. చేపను పొగబెట్టి అమ్ముకోవచ్చు. కొవ్వు మాత్రం ఇంటిది. సజ్జ అంబలిలో కరిగించి తాగితే బాలింతకు పాలు పడతాయని ఆ సెనెగల్ తీరంలో ప్రతి ఆడదీ నమ్ముతుంది.

దిబోర్ బాలింతే. పురిటి జ్వరం ఆమె పాలను ఎండగట్టేసింది.

"అత్తా! మళ్ళీ పోయింది!"

అత్త తెనింగ్ చంటివాడు లాతిర్‌ని వీపున కట్టుకుని గడపలో చేపలు తోముతోంది. తల ఎత్తలేదు.

"పిల్లి తినుంటుందిలే."

"తిని మూత పెట్టి పోయిందా పిల్లి?"

తెనింగ్ ఇంకో చేప అందుకుంది.

"పోనీలేవే. డబ్బా పాలు పడుతున్నానుగా. వాడి బుగ్గలు చూడు, ఎలా నిండాయో."

నిజమే, నిండాయి. అయినా దిబోర్ మనసు ఊరుకోలేదు. డబ్బా పాలతో ఎన్నాళ్ళు? తన పాలు తనకు రావాలి. ఎవరిచేతనైనా పాలిప్పించమని పొరుగావిడ అంటే దిబోర్ కయ్యిమని లేచింది.

"పాలిచ్చినామె తల్లయిపోతుంది, ఆమె పిల్లలు తోబుట్టువులైపోతారు. ఊరూ పేరూ తెలియని చుట్టరికం నా కొడుక్కి అంటగడతారా? కుదరదు!"

ఇప్పుడు తనకు పాలు పడేలా చేసే కొవ్వునే ఎవరో తినేస్తున్నారు.

ఎవరు?

ఇంటి వెనకే చేపలకు పొగబెట్టే పందిళ్ళు. అక్కడ కట్టెలు కొట్టి మంట చూసేది సలిమాతు. వానల్లో గినీ నుంచి ఒంటరిగా వచ్చిన ఫులా తెగ మనిషి. ఎక్కడి నుంచి, ఎందుకు అని ఎవరూ అడగలేదు. వచ్చిన రోజు నుంచీ దిబోర్‌కీ ఆమెకీ ఒకటే వేళాకోళం.

"ఏమే ఫులా దొంగా, ఇవాళ మావి ఎన్ని చేపలు మింగావు?"

"మీ సెరేర్లు మిగిలిస్తే కదా వదినా, మేం మింగడానికి! తిండిపోతుల ఊళ్ళో దొంగలకి పనేముంది?"

దిబోర్ పుట్టిన సెరేర్ తెగకూ ఫులాలకూ తాతల నాటి పరాచికాల వరస. ఎంతైనా తిట్టుకోవచ్చు. కోపం మాత్రం తెచ్చుకోకూడదు.

దిబోర్ ఖాళీ కుండ చంకన పెట్టుకుని పందిళ్ళ దగ్గరికి వెళ్ళింది.

సలిమాతు మంట ఎగదోస్తోంది. ఆమె అంగీ ముందువైపు తడిసి మరకలు కట్టి ఉంది.

"ఏమిటా మరక?"

సలిమాతు గబుక్కున పైగుడ్డ లాక్కుంది.

"చెమట, వదినా."

"చెమటయితే దాచుకోవడం దేనికే, దొంగా?"

అలవాటు కొద్దీ సలిమాతు నవ్వింది. పక్కన చేపలు తిప్పుతున్న ఆడవాళ్ళూ నవ్వారు.

"మీ తిండిపోతుల..." అంటూ మొదలుపెట్టిన సలిమాతు దిబోర్ మొహం చూసి ఆగిపోయింది.

ఆడవాళ్ళ నవ్వులూ ఆగిపోయాయి.

"ఇది వేళాకోళం కాదు. నా బిడ్డ నోటి కాడిది తిన్నావా, లేదా?"

సలిమాతు చూపు దిబోర్ భుజం మీదుగా వెనక్కి పోయింది. అక్కడ పిల్లాడితో తెనింగ్ నిలబడి ఉంది. సలిమాతు ఆమెవైపే చూస్తూ ఉండిపోయింది, ఆమె ఏదో చెబుతుందన్నట్టు.

తెనింగ్ ఇసక వైపు చూసింది.

"తిన్నాను," అంది సలిమాతు.

"అయితే పో! మళ్ళీ ఈ ఒడ్డున కనిపించావంటే ఊరుకోను!"

సలిమాతు గొడ్డలి కింద పెట్టి మూట కట్టుకుంది. పొగచేపల లారీ గినీకి బయల్దేరుతోంది. ఆమె అటు నడుస్తుంటే లాతిర్ చేతులు చాచి కెవ్వుమన్నాడు. ఆమె అడుగు తడబడింది. కానీ ఆగలేదు.

"చూశావా అత్తా, పసివాడికి కూడా దాన్ని చూస్తే భయం!"

తెనింగ్ పిల్లాణ్ణి తీసుకుని ఇంట్లోకి నడిచింది.

ఆ రాత్రి మళ్ళీ నింపిన కుండ మర్నాడు నిండుగానే ఉంది. దిబోర్ కొవ్వు కరిగించి కడుపారా తాగింది. రొమ్ములో చుక్క చేరలేదు.

లాతిర్ ఏడుపు మాత్రం ఆగలేదు. మొగుడు కొత్తగా పంపిన డబ్బా విప్పి, పాలు కలిపి సీసా నోట్లో పెడితే ఉమ్మేశాడు. చెంచాతో పోస్తే కక్కేశాడు. భుజాన వేసుకుని ఇంటికీ సముద్రానికీ మధ్య తిరుగుతూనే ఉంది దిబోర్. సాయంత్రానికి వాడికి ఏడవడానికి గొంతు కూడా మిగల్లేదు.

"పాలు పలచగా కలుపుతున్నానేమో. నువ్వెలా కలిపేదానివి అత్తా?"

తెనింగ్ పిల్లాడి కోసం చేతులు చాచింది.

దిబోర్ పిల్లాణ్ణి ఆమెకిచ్చి, అత్త వాడే డబ్బా చూద్దామని ఆమె అలమరలోంచి ఒక పాలడబ్బా దించింది. దాని వెనక ఇంకోటి, దాని వెనక మరోటి. మొగుడు నెలనెలా పట్నం నుంచి తెచ్చినవి.

ఒక్కదాని సీలూ విప్పలేదు.

"అత్తా..." దిబోర్ డబ్బా పట్టుకుని ఇటు తిరిగింది. "మరి ఇన్నాళ్ళూ వీడేం తాగాడు?"

తెనింగ్ మనవణ్ణి కోడలి ఒళ్ళో పడుకోబెట్టి, ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది.

"ఆ కొవ్వు తీసింది నేనేనే, తల్లీ. నువ్వు రేవుకి పోగానే కరిగించి సలిమాతు చేత తాగించేదాన్ని. చంటిబిడ్డను దారిలో మట్టి చేసి వచ్చింది. పాలు కట్టి రొమ్ములు సలుపుతుంటే మన పందిరి కింద ముడుచుకుని ఏడ్చింది. ఇక్కడ నీ బిడ్డ ఎండిపోతున్నాడు. నువ్వు ఒప్పుకోవని తెలుసు. అందుకే నోరు విప్పనని దానిచేత ఒట్టేయించుకున్నాను. నిన్న నేను ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. నీకు భయపడి తల దించుకున్నాను. దాని ఊరు పేరైనా తెలియదే, ఎక్కడని వెతకను? నువ్వు లారీ ఎక్కించింది దొంగని కాదమ్మా... నీ కొడుకు తల్లిని."