నేలిదా లాప్‌టాప్

రొసారియో నగరంలో రాత్రి వాన పడుతోంది. మా ఆయన ఫాబ్రిసియో రేవులో డ్యూటీకి వెళ్లాడు. అతని లాప్‌టాప్‌లో లినక్స్, నా ఫోన్‌లో ఆండ్రాయిడ్. అయినా సరుకుల నోట్ ఒకటే. ఎవరు రాసినా ఇద్దరికీ కనిపిస్తుంది. ఒకే నోట్‌ను రెండు చోట్ల ఒకేసారి మారిస్తే మాత్రం రెండో కాపీ పుడుతుంది, మార్చిన యంత్రం పేరుతో.

"మాతేలోకి చక్కెర" అని రాశాను, మేం రోజూ తాగే ఆకుల టీ కోసం. వెంటనే రెండో కాపీ పుట్టింది.

"చక్కెర వద్దు. మాతే అతను చేదుగానే తాగుతాడు."

పైన యంత్రం పేరు: నేలిదా లాప్‌టాప్.

నేలిదా అతని మొదటి భార్య. పోయి నాలుగేళ్లయింది.

ఫాబ్రిసియోకి ఫోన్ చేశాను. "ఆవిడ లాప్‌టాప్ ఇంకా దాచుకున్నావా?"

"శవపేటికలో ఆమె పక్కనే పెట్టాం కదా, సులేమా. ఇప్పుడెందుకు?"

భయం వేయాల్సింది. కానీ ఒళ్లు మండిపోయింది.

"నీకు మాతే చేదుగా ఉంటేనే ఇష్టమా?"



"నువ్వు ప్రేమగా చక్కెర కలిపి ఇస్తావని తాగుతున్నాను. అయినా, ఆ సంగతి నీకెవరు చెప్పారు?"

చెవి దగ్గర ఫోన్ వణికింది. తీసి చూశాను. నోట్‌లో చక్కెర లేదు. దాని చోట కొత్త మాట ఉంది.

"నా పేరు చెప్పు."