ఏమన్న వినవడ్డదా?

"ఇయ్యాల ఒక్క సాంచె ఆగినా నేను ఊకోను!"

మెయిన్ స్విచ్‌కు అడ్డంగా రెండు చేతులూ చాపి అరిచాడు శ్రీహరి. గోడ గడియారంలో ఆరుకు రెండు నిమిషాలు తక్కువ. షెడ్డులో పన్నెండు సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, చెవులు చిల్లులు పడేలా ఆడుతున్నాయి. ఆ మోతలో అతని అరుపు అతనికే సరిగ్గా వినపడలేదు. అయినా అందరికీ అర్థమైంది. సాంచెల మధ్య బతికేవాళ్లు మాట చెవితో వినరు. పెదవులు చూసి, సైగలు చూసి పట్టేస్తారు.

శ్రీహరి మందమర్రి నుంచి సూపర్‌వైజర్‌గా వచ్చి వారమైంది. తెల్లారితే లారీ వస్తుంది. హాస్టల్ పిల్లల దుప్పట్లు ఆ లారీ ఎక్కకపోతే తను ఇంటి బస్సు ఎక్కాల్సిందే. ఈ గల్లీవాళ్లేమో రోజూ సాయంత్రం ఆరింటికి సాంచెలాపి, అయిదు నిమిషాలు గుళ్లో విగ్రహాల్లా కూర్చుంటారు. ఎందుకయ్యా అంటే "రివాజు సారూ" అంటారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పరు.

ఆరు కొట్టింది. అందరిలోకీ పాత నేతగాడు పర్శరాములు. అతను శ్రీహరిని చూశాడు, స్విచ్‌ని చూశాడు, నవ్వాడు. తన సాంచె పిడి లాగాడు. పక్కవాడు తన పిడి లాగాడు. స్విచ్ దగ్గర కాపలా కాపలాగానే ఉంది, పన్నెండు సాంచెలూ వరసగా ఆగిపోయాయి. దేని పిడి దానికే ఉంటుందన్న సంగతి కంగారులో శ్రీహరికి తట్టలేదు.

గల్లీలో మిగతా షెడ్లూ ఆగాయి. ఊరు ఒక్కసారిగా వినపడింది. ఎవరింట్లోనో కుక్కర్ కూత, ఎవరిదో గురక. ఈ అయిదు నిమిషాలకు భయపడి అత్తాకోడళ్లు కూడా పోట్లాట ఆపేసి, ఆరూ అయిదుకు ఆపిన చోటే మళ్లీ అందుకుంటారు. పెళ్లి బరాత్ వచ్చినా సరే, బ్యాండువాళ్లు బాకాలు దించాల్సిందే.

"ఏమన్న వినవడ్డదా?"

పర్శరాములు ఒక్కొక్కరి ముందుకూ వెళ్లి, మొహంలో మొహం పెట్టి అడుగుతున్నాడు. సాంచెలు ఆగినా అతని గొంతు మాత్రం తగ్గలేదు.

"వినవడ్డది! నా కొలువు పోతున్న సప్పుడు!" అన్నాడు శ్రీహరి.

అందరూ నవ్వారు. అంతలో దారం కండెలు చుట్టే నవనీత చెయ్యెత్తింది. "జర ఆగున్రి. పిల్ల ఏడుస్తుంది" అంటూ షెడ్డు వెనక్కి చూపించింది.

శ్రీహరి స్విచ్ వదిలి అటు తిరిగాడు. అటు ఉన్నది తన అద్దె ఇల్లే.

అందరికంటే ముందు పర్శరాములు ఉరికాడు. వెనకే షెడ్డంతా, దాని వెనక గల్లీ అంతా. శ్రీహరి చేరేసరికి గుమ్మం నిండా జనం. లోపల కూతురు భవ్యశ్రీ కాళ్లు బార్లా చాపుకుని రాగం తీస్తోంది. భార్య మమతారాణి బిత్తరపోయి చూస్తోంది. పర్శరాములు పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, చేతులు చూశాడు, చెంపలు చూశాడు.

"ఎవలన్న కొట్టిన్రా బిడ్డా?"

"ఎవ్వలు కొట్టలే తాతా. అమ్మ ఫోను ఇస్తలేదు." భవ్యశ్రీ ముక్కు తుడుచుకుని జనాన్ని ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూసింది. "ఆరింటికి ఏడిస్తే ఊరంత ఉరికొస్తదని మా బడిల చెప్పిన్రు. నిజంగనే వచ్చిన్రు!"

జనం పగలబడి నవ్వారు. యాదవ్వ అనే ముసలమ్మ కొంగు ముడి విప్పి పిల్ల చేతిలో బెల్లం ముక్క కూడా పెట్టింది. శ్రీహరికి తల కొట్టేసినట్టయింది.

తిరిగి వస్తూ నవనీతను నిలదీశాడు. "గీ నకరాల కోసమా సాంచెలు బంద్ పెట్టేది? గా రివాజేందో ఇయ్యాల చెప్పాల్సిందే."

నవనీత నడక నెమ్మదించింది.

"నలభై అయిదేండ్ల కిందటి ముచ్చట సారూ. గీ గల్లిలనే ఏడేండ్ల పిలగాడు. అవ్వ బాపు లేకుంటె మేనమామ తెచ్చుకున్నడు. అర్రల ఏసి గొళ్లెం పెట్టి, సాంచె తోలు పట్టతోని మూడు దినాలు కొట్టిండు. పిలగాడు మొత్తుకుంటనే ఉన్నడు. అటు సాంచెలు, ఇటు సాంచెలు. కేసయింది. గల్లీలోళ్లందరు బోనెక్కి, సప్పుడుల మాకేం వినవడలే అన్నరు. 'దినానికి అయిదు నిమిషాలన్న ఆపరా?' అని జడ్జి సారు అడిగిండట. ఒక్కలు తల ఎత్తలే. మేనమామ జైలుకు పోయిండు. మర్నాటి సంది సాంచెలు ఆగుతున్నయి."

శ్రీహరి ఇంటివైపు తిరిగి చూశాడు. తన కూతురిదీ దాదాపు ఆ వయసే. కానీ లారీ గుర్తొచ్చింది.

"పాపమే గాని, నలభై అయిదేండ్లాయె. ఇప్పుడిది పోరగాండ్లకు ఆటైంది. ఇగ సాలు."

పది అడుగుల ముందు పర్శరాములు నడుస్తున్నాడు. షెడ్లింకా మొదలు కాలేదు. గల్లీలో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది.

"పర్శరాములన్నా! రేపటి సంది సాంచెలు ఆపుడు లేదు!"

అతను పలకలేదు.

"ఓ అన్నా, నీకే చెప్తున్న!"

వెనక్కి తిరిగి కూడా చూడలేదు. శ్రీహరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎంత పొగరు! గింత ఒర్రుతుంటె ఉలుకు లేదు, పలుకు లేదు. రేపటి సంది నీకు పనే లేదు, పో!"

నవనీత అడ్డం వచ్చి నిలబడింది. ఆమె మొహంలో ఇందాకటి నవ్వు లేదు.

"ఎన్కనుంచి ఎంత ఒర్రితె ఏం ఫాయిద సారూ? గా మేనమామ కొట్టిన దెబ్బలకు ఆయన రెండు చెవులు గప్పుడే పాయె."